ఆదివారం పరుగెత్తని పరుగువీరుడు

ఆదివారం పూజలో యువకులు కూర్చునే వైపు చాపలు ఖాళీగా ఉంటున్నాయని మన విచారణ గురువులు బాధపడటం కొత్త సంగతి కాదు. ఎక్కడికి పోయారని వాకబు చేస్తే, ఏదో మ్యాచ్ ఉందట అనే జవాబు వస్తుంది. వరి కోతలై, మినుము కూడా తీసేసిన మాగాణుల్లో, కృష్ణ ఇసుక తిన్నెల మీద, బెజవాడ కాలేజీల మైదానాల్లో ఆదివారం తెల్లవారితే చాలు, ఆటే ఆట. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఏదైతేనేం. కొందరు తల్లిదండ్రులు బిడ్డ ఆటలో పైకి వస్తాడన్న ఆశతో అప్పు చేసి మరీ కోచింగుకు పంపుతున్నారు. ఆ కోచింగూ ఎక్కువగా ఆదివారం ఉదయమే. దీనికి ఎదురుగా మరో పక్షం ఉంది. ఆటలంటేనే సైతాను పన్నిన వల అని, బ్యాటు పట్టినవాడు బైబిలు వదిలేసినట్టేనని నమ్మే పెద్దలు వీరు.

ఈ రెండు పక్షాలవారూ తెలుసుకోదగిన జీవితం ఒకటి ఉంది. ఆయన కతోలికుడు కాదు. స్కాట్లండు దేశపు ప్రొటెస్టెంటు సోదరుడు. పేరు ఎరిక్ లిడెల్. 1981లో ఆయన మీద వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అనే ఇంగ్లీషు సినిమా ఉత్తమ చిత్రంగా ఆస్కారు కూడా అందుకుంది. ఆ సినిమా చూసినవారికి తెలిసింది సగం కథే. మిగతా సగం చైనాలో జరిగింది. ఆ రెండో సగం తెలియకపోతే మొదటి సగాన్ని అపార్థం చేసుకునే ప్రమాదం ఉందని నా నమ్మకం.

లిడెల్ పుట్టింది కూడా చైనాలోనే. 1902 జనవరి 16న టియెన్‌సిన్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు లండన్ మిషనరీ సొసైటీ తరఫున పనిచేయడానికి వెళ్ళినవారు. ఆరేళ్ళ వయసులో ఆయన్నూ అన్న రాబర్టునూ ఇంగ్లండులో మిషనరీల పిల్లల కోసం నడిచే బడిలో చేర్చి, తల్లిదండ్రులు తిరిగి చైనా వెళ్ళిపోయారు. మళ్ళీ తల్లిని చూడాలంటే ఏళ్ళు గడవాలి. చిన్నతనంలోనే బోర్డింగుకు వెళ్ళి, సెలవుల కోసం వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టిన మన పాఠకులకు ఆ దిగులు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ పిల్లవాడికి బడి మైదానమే తోడు అయింది. క్రికెట్‌లో, రగ్బీలో బడి జట్టుకు నాయకుడయ్యారు. రగ్బీ అంటే గుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని, అడ్డం వచ్చినవారిని తప్పించుకుంటూ పరుగెత్తే ఆట. బలం ఎంత కావాలో వేగమూ అంతే కావాలి.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సు చదవడానికి చేరాక ఆ వేగం దేశానికంతటికీ తెలిసింది. 1922, 1923 సంవత్సరాల్లో స్కాట్లండు రగ్బీ జట్టుకు ఏడుసార్లు ఆడారు. 1923లో 100 గజాల పందెంలో 9.7 సెకండ్లలో పరుగెత్తితే, ఆ రికార్డు బ్రిటన్‌లో ఎన్నో ఏళ్ళు చెక్కుచెదరలేదు. చూడటానికి మాత్రం ఆయన పరుగు అందంగా ఉండేది కాదు. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, చేతులు గాలిలో కొట్టుకుంటూ పరుగెత్తేవారు. నీళ్ళలో మునిగేవాడు చేతులు ఆడించినట్టు ఉండేదేమో! అదే ఏడు జూలైలో స్టోక్ అనే ఊళ్ళో 440 గజాల పందెం, అంటే మన లెక్కలో రెండు ఫర్లాంగులు. మొదట్లోనే పక్కవాడు తగిలి లిడెల్ గడ్డిలో పడిపోయారు. లేచేసరికి అందరూ ఇరవై గజాలు ముందున్నారు. లేచి, పరుగెత్తి, గెలిచారు. గీత దాటగానే కుప్పకూలిపోయారు.

ఆ 1923 ఏప్రిల్‌లోనే మరో సంగతి జరిగింది. ఆర్మడేల్ అనే కార్మికుల ఊళ్ళో సువార్త సభకు వచ్చి నాలుగు మాటలు మాట్లాడమని ఎవరో అడిగారు. ఆయన స్వభావతః బిడియస్తుడు. అంతవరకూ పదిమంది ముందు విశ్వాసం గురించి నోరు విప్పినవారు కాదు. ఆ రోజు ఒప్పుకున్నారు. ఉపన్యాసకుడేమీ కాకపోయినా, ఆ తర్వాత ఆయన ఎక్కడ మాట్లాడినా జనం వచ్చేవారు. వారిలో ఎక్కువమంది దేవుని కోసం కాదు, పరుగువీరుణ్ణి చూద్దామని వచ్చినవారే. అది ఆయనకూ తెలుసు. పేరు దేవుడిచ్చిన పనిముట్టు, దాన్ని దాచుకోకూడదని ఆయన అనుకున్నట్టుంది. ఆటలను సైతాను వల అనే పెద్దలు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి.

ఇక అందరికీ తెలిసిన ఘట్టం. 1924లో ప్యారిస్‌లో ఒలింపిక్సు. మన దేశం నుంచి కూడా క్రీడాకారులు వెళ్ళిన పోటీలవి. 100 మీటర్ల పందెంలో లిడెల్ మీద బ్రిటన్ పెద్ద ఆశలు పెట్టుకుంది. కాని ఆ పందెపు తొలి వరుసలు జూలై 6న పెట్టారు. అది ఆదివారం. ఆదివారం నేను పరుగెత్తనని ఆయన చెప్పేశారు. సినిమాలో ఈ విషయం ఆయనకు ఓడ ఎక్కేటప్పుడు తెలిసినట్టు చూపించారు. నిజానికి నెలల ముందే తెలుసు. కనుక ఇది ఆవేశంలో చెప్పిన మాట కాదు. ఒత్తిడి వచ్చినా మారలేదు. దేశగౌరవం పట్టని మనిషి అని విమర్శలు వచ్చాయి. ఆయన ఎవరితోనూ వాదానికి దిగలేదు, ఆదివారం పరుగెత్తేవారిని పల్లెత్తు మాట అనలేదు. తనకు అంత అలవాటు లేని 400 మీటర్ల పందేనికి సాధన మొదలుపెట్టారు.

ఇక్కడ కతోలిక పాఠకులకు ఒక సందేహం రావాలి. రాకపోతే నేనే రప్పిస్తాను. ఆదివారం ఆడటం పాపమా? కాదు. స్కాట్లండు ప్రొటెస్టెంటు సంప్రదాయంలో ఆదివారం నియమాలు చాలా కఠినంగా ఉండేవి. ఆ రోజు ఆట ఆడటం కాదు గదా, చూడటం కూడా తప్పుగా ఎంచేవారు. మన తిరుసభ అంత దూరం పోలేదు. ఆదివారం దివ్యబలిపూజలో పాల్గొనడం మన విధి. ఆ రోజు పని భారం దించుకుని, దేవునితోనూ కుటుంబంతోనూ సంతోషంగా గడపాలి. ఆ సంతోషంలో ఆటకూ చోటుంది. 1983 నాటి తిరుసభ చట్టం ప్రకారం శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా ఆదివారపు విధి నెరవేరినట్టే. లిడెల్ కతోలికుడై ఉంటే ఉదయం పూజ చూసుకుని మధ్యాహ్నం పరుగెత్తవచ్చు. ఏ గురువూ కాదనరు.

డెల్టా గ్రామాల్లో కూలికి పోయే కుర్రవాళ్ళకు వారంలో చేతులు ఖాళీ అయ్యేది ఆదివారమే. ఆ రోజు కూడా బంతి ముట్టవద్దంటే ఇక వారు ఎప్పుడు ఆడాలి? పూజ ఏడింటికైతే ఆట తొమ్మిదింటికి మొదలుపెట్టమని టోర్నమెంటు పెట్టేవారిని అడగవచ్చు. అడిగే పెద్దమనిషి ఊళ్ళో ఒక్కడుంటే చాలు, చాలాచోట్ల గొడవ అక్కడితో తీరిపోతుంది. వీలున్న విచారణల్లో శనివారం సాయంత్రం పూజ పెట్టవచ్చు.

అలాగైతే లిడెల్ చేసింది అనవసరమైన త్యాగమా? కాదనే నా అభిప్రాయం. ఆదివారం దేవునిదని ఆయన మనస్సాక్షి నమ్మింది. ఆ నమ్మకానికీ ఒలింపిక్ పతకానికీ ఒకే రోజున పోటీ వచ్చింది. మన కుర్రవాడికి ఆ పోటీ వేరే రూపంలో వస్తుంది. సెలెక్షను కోసం వయసు తగ్గించి సర్టిఫికెట్టు తెచ్చుకోమనవచ్చు. కండ పెరగడానికి ఏదో ఇంజెక్షను చేయించుకోమనవచ్చు. జబ్బుపడిన తల్లిని వదిలి క్యాంపుకు రమ్మనవచ్చు. రెండూ ఒకేసారి చెయ్యి చాపినప్పుడు దేన్ని కింద పెడతాడన్నదే ప్రశ్న. ఆదివారం నియమం మనకు వేరు కావచ్చు గాని, ఆ ప్రశ్న మాత్రం వేరు కాదు.

జూలై 6 ఆదివారం నాడు కొలంబ్ స్టేడియంలో 100 మీటర్ల వరుసలు జరుగుతుంటే, లిడెల్ ప్యారిస్‌లోని స్కాట్లండువారి దేవాలయంలో వాక్యోపదేశం చేస్తున్నారు. మరునాడు ఆ పందెంలో బ్రిటన్‌కే చెందిన హెరాల్డ్ అబ్రహామ్స్ బంగారు పతకం గెలిచారు. బుధవారం 200 మీటర్లలో లిడెల్‌కు కాంస్యం దక్కింది. శుక్రవారం, జూలై 11న 400 మీటర్ల తుది పందెం. ఆ ఉదయం జట్టుకు మర్దన చేసే వ్యక్తి ఒక చీటీ ఇచ్చారు. సమూయేలు మొదటి గ్రంథంలోని ఒక మాటను గుర్తుచేసే చీటీ అది. పందెంలో ఆయనకు అన్నిటికంటే బయటి గీత వచ్చింది. ఆ గీతలో పరుగెత్తేవారికి మిగతావారు ఎక్కడున్నారో కనబడదు. అంతకు ముందు వరుసల్లోనే ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు కొత్త రికార్డు పెట్టి ఉన్నారు. లిడెల్ మాత్రం మొదటి సగాన్ని 200 మీటర్ల పందెమే అన్నట్టు పరుగెత్తేశారు. చివరికి ఊపిరి చాలక ఆగిపోతారనుకున్నారు చూసేవారు. ఆగలేదు. 47.6 సెకండ్లకు గీత దాటారు. రెండవవాడు సెకనులో పదింట ఎనిమిది వంతులు వెనకబడ్డాడు. మన ప్రకాశం బ్యారేజీ పొడవులో సుమారు మూడోవంతు దూరం అది. ఈసారి బ్యారేజీ మీద వెళ్ళేటప్పుడు గడియారం చూసుకుంటే ఆ వేగం ఏపాటిదో అర్థమవుతుంది.

ఈ కథను ప్రసంగాల్లో ఎలా చెబుతారో చాలామంది వినే ఉంటారు. ఆదివారం దేవునికి ఇచ్చాడు, శుక్రవారం దేవుడు బంగారం ఇచ్చాడు అని. చప్పట్లు కూడా పడతాయి. నాకు మాత్రం ఈ చెప్పే తీరు నచ్చదు. దేవుడు వడ్డీ కట్టి తిరిగి ఇచ్చే షావుకారు కాడు. ఆ ఒలింపిక్సులోనే రెండు రిలే పందేలు కూడా ఆదివారం పడ్డాయి. వాటినీ లిడెల్ వదులుకున్నారు. ఆయన లేకుండానే బ్రిటన్ జట్లు ఒకదానిలో వెండి, మరొకదానిలో కాంస్యం తెచ్చుకున్నాయి. ఆ పతకాలు లిడెల్‌కు మరే శుక్రవారమూ తిరిగి రాలేదు. ఈ మాట ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు. తప్పక పూజకు వచ్చే పిల్లవాడు సాయంత్రం మొదటి బంతికే అవుటైతే, వాడి విశ్వాసంలో లోపముందనా అర్థం? లిడెల్ తర్వాతి జీవితాన్ని చూసినవారెవరూ ఆ లెక్క వెయ్యలేరు.

పందెం అయిన వారం తిరగకుండానే ఎడిన్‌బరోలో ఆయన పట్టా పుచ్చుకున్నారు. తోటి విద్యార్థులు భుజాల మీద ఎక్కించుకుని వీధుల్లో ఊరేగించారు. వయసు 22. ఆటలో ఇంకా ఎంతో దూరం పోగలిగిన వయసు. ఆయన మాత్రం ఒక ఏడాది దైవశాస్త్రం చదివి, 1925 వేసవిలో చైనాకు బయలుదేరారు. సాగనంపడానికి రైల్వే స్టేషనులో జనం కిటకిటలాడారు. అవి మిషనరీలు ఇల్లూ వాకిలీ వదిలి దూరదేశాలకు తరలివెళ్తున్న రోజులు. లిడెల్ పతకం గెలిచిన ఆ 1924లోనే మన గుణదలలో అర్లాటి గురువులు మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఆయన వచ్చింది ఇటలీ నుంచి. అలాంటివారిలో ఎంతమంది తమ ఊళ్ళో ఆటగాళ్ళో, పాటగాళ్ళో మనం అడిగి తెలుసుకున్నది తక్కువ.

టియెన్‌సిన్‌లోని ఆంగ్లో చైనీస్ కాలేజీలో లిడెల్ రసాయన శాస్త్రం చెప్పారు, పిల్లల చేత ఆటలు ఆడించారు. పరుగు మానలేదు. అక్కడ పోటీలు జరిగితే పాల్గొనేవారు, గెలిచేవారు కూడా. అయితే దాని కోసం తన పని వదులుకోలేదు. 1928లో ఆంస్టర్‌డాంలో ఒలింపిక్సు జరిగాయి. అప్పటికి ఆయన వయసు 26. వెళ్ళలేదు. వెళ్ళనందుకు బాధపడుతూ కూర్చున్నట్టూ కనబడదు. 1932లో స్వదేశం వచ్చి పాదిరిగా అభిషేకం పొందారు. 1934లో టియెన్‌సిన్‌లో ఫ్లోరెన్స్ మెకంజీని వివాహమాడారు. ఆమె కెనడా మిషనరీల కుమార్తె, నర్సు. ప్యాట్రీషియా, హెదర్ అని ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు.

1937లో జపాను సైన్యం చైనా మీదకు వచ్చింది. అప్పుడు ఆయన పట్నం వదిలి సియావ్‌చాంగ్ అనే పల్లెప్రాంతానికి మారారు. అన్న రాబర్టు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. భార్యాపిల్లలు పట్నంలోనే ఉండిపోయారు. సైకిలు మీద, కాలినడకన ఊరూరా తిరిగేవారు. ఒక పక్క జపాను సైనికులు, మరో పక్క చైనా దళాలు, మధ్యలో కరువు. 1939లో ఒక పాడుబడ్డ గుడిలో గాయపడినవాడొకడు రోజుల తరబడి పడి ఉన్నాడని తెలిసింది. తెచ్చేందుకు ఎవరికీ ధైర్యం చాలలేదు. లిడెల్ ఒక బండి కుదుర్చుకుని వెళ్ళి అతణ్ణి ఎక్కించుకున్నారు. దారిలో మెడ మీద కత్తివేటు పడి చావుబతుకుల్లో ఉన్న మరొకడు కనబడితే అతణ్ణీ తీసుకొచ్చారు. మొదటివాడు దక్కలేదు. రెండవవాడు బతికాడు. అతను చిత్రకారుడు. కృతజ్ఞతగా ఒక పువ్వు బొమ్మ గీసి ఇచ్చాడు. ఆ రోజు బండి పక్కన నడిచిన మనిషి ఒలింపిక్ విజేత అని ఆ ఇద్దరికీ తెలిసి ఉండదు.

1941లో పరిస్థితి మరీ చెడింది. నెలలు నిండుతున్న ఫ్లోరెన్సును, పిల్లలిద్దరినీ కెనడాకు పంపించి తాను ఆగిపోయారు. మూడవ కూతురు మౌరీన్ ఆ సెప్టెంబరులో అక్కడ పుట్టింది. 1943 మార్చిలో జపానువారు ఆయన్ను వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు.

ఒకప్పటి మిషను ఆవరణను చుట్టూ గోడ కట్టి శిబిరంగా మార్చారు. అందులో పదిహేను వందలకు పైగా మనుషులు. వ్యాపారులు, ఉపాధ్యాయులు, తాగుబోతులు, పాదిరులు, మఠకన్యలు, తల్లిదండ్రులకు దూరమైన బడిపిల్లలు. తిండి జొన్న జావ. మొదటి నెలల్లో మన కతోలిక గురువులూ కన్యస్త్రీలూ కొన్ని వందలమంది అక్కడ ఉండేవారు. వారిలో స్కాన్లన్ అనే ట్రాపిస్టు సన్యాసి కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. గోడ కింద కన్నం దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నట్టు నటిస్తూ, అవతలి చైనా రైతుల దగ్గర గుడ్లు కొని పసిపిల్లలకు అందించేవారాయన. చివరికి పట్టుబడితే ఒంటరి గదిలో పెట్టారు. మౌనవ్రతంలో జీవితం గడిపిన సన్యాసికి ఏకాంతం శిక్ష ఎలా అవుతుంది? పైగా రాత్రిళ్ళు గట్టిగా లతీను ప్రార్థనలు పాడటంతో కాపలావారికి నిద్ర కరువై త్వరగానే వదిలేశారు. ఆ తర్వాత కతోలిక గురువుల్లో చాలామందిని పెకింగుకు పంపించారు గాని, శిబిరంలో అందరూ చాలాకాలం ఆ గుడ్ల సంగతి చెప్పుకున్నారు.

లిడెల్ అక్కడ చేసిన పనికి పేరు పెట్టడం కష్టం. తెల్లవారకముందే లేచి వేరుశెనగ నూనె దీపం దగ్గర బైబిలు చదువుకునేవారు. పగలు నీళ్ళు మోసేవారు, సామాను లేకుండానే పిల్లలకు సైన్సు చెప్పేవారు. సాయంత్రం ఆటలు. ఆ పిల్లల్లో చాలామంది షీఫూ అనే చోట మిషనరీ బడి నుంచి టీచర్లతో సహా పట్టుబడి వచ్చినవారు. అమ్మానాన్నల్ని చూసి ఏళ్ళు గడిచాయి. ఆరేళ్ళ వయసులో బోర్డింగులో దిగబడ్డ ఎరిక్‌కు వారి మనసు ఒకరు చెప్పాలా? విరిగిన హాకీ కర్రలు పనికిరావని ఎవరైనా పారేస్తే, తన దుప్పట్లు పీలికలు చేసి వాటికి చుట్టి బాగుచేసేవారు. పిల్లలు ఆయన్ను అంకుల్ ఎరిక్ అని పిలిచేవారు.

ఆదివారం మాత్రం ఆటలు నడపనన్నారు. ప్యారిస్‌లో పెట్టుకున్న నియమమే. ఆదివారమంతా ఏమీ తోచక కుర్రవాళ్ళూ అమ్మాయిలూ తమంతట తామే హాకీ ఆట పెట్టుకున్నారు. రెఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాటగా మారింది. లిడెల్ విషయం విన్నారు. తర్వాతి ఆదివారం రెఫరీగా మైదానంలోకి దిగారు.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే. ప్రపంచమంతా చూస్తుండగా బంగారు పతకం కోసం సడలించని నియమాన్ని, ఎవరూ చూడని జైలు మూలలో తల్లిలేని పిల్లలు కొట్టుకోకుండా ఉండేందుకు పక్కన పెట్టారు. నియమమే ఆయన దేవుడై ఉంటే గదిలో కూర్చుని ప్రార్థన చేసుకునేవారు, పిల్లల తలలు పగిలేవి. విశ్రాంతి దినాన ప్రార్థనామందిరంలో ఊచచెయ్యి గలవాణ్ణి మన ప్రభువు బాగుచేసిన సంఘటనను సువార్తలో మనం ఎన్నిసార్లు వినలేదు? అక్కడ తప్పుపట్టడానికి కాచుకుని కూర్చున్నవారూ భక్తులే. ప్యారిస్‌లో లిడెల్ తన కీర్తి కోసం పరుగెత్తనన్నారు. వెయ్‌షియెన్‌లో పిల్లల కోసం నిలబడ్డారు. ఆట రెండుచోట్లా ఒకటే, ఆదివారమూ ఒకటే. ఎవరి కోసం అన్నది మాత్రం మారింది. ఆటను పట్టుకుని వేలాడే మన కుర్రవాళ్ళకు ప్యారిస్ కథ చెప్పండి. ఆటలంటే మండిపడే పెద్దలకు మాత్రం వెయ్‌షియెన్ కథ చెప్పాలి. మనం చాలాకాలంగా దీన్ని తారుమారు చేసి, కుర్రవాళ్ళకు ఆయన పతకం గురించీ, పెద్దలకు ఆయన నియమం గురించీ మాత్రమే చెబుతున్నాం.

మన తిరుసభలోనూ ఆటనూ భక్తినీ ఒకే గుండెలో పెట్టుకున్నవారు లేకపోలేదు. కొండలెక్కడమంటే ప్రాణమిచ్చిన ఇటలీ యువకుడు పియెర్ జోర్జో ఫ్రస్సాటీ 1925లో, 24 ఏళ్ళ వయసులో మరణించారు. 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. ఆయన కథ మరోసారి చెప్పుకోవాలి.

1945 మొదట్లో లిడెల్‌కు విపరీతమైన తలనొప్పులు మొదలయ్యాయి. పని ఒత్తిడి అనుకున్నారు. మనసు కుంగిందనుకున్నారు. మెదడులో కణితి అని శిబిరంలో తెలుసుకునే వీలెక్కడిది? ఫిబ్రవరి 21న, భార్యకు ఉత్తరం రాసిన రోజునే కన్నుమూశారు. వయసు 43. శిబిరంలోని పిల్లలు వరుసకట్టి సాగనంపారు. మరో ఆరు నెలలకు, ఆగస్టు 17న అమెరికా సైనికులు ప్యారాచూట్లలో దిగి శిబిరాన్ని విడిపించారు. ఫ్లోరెన్సుకు మరణవార్త మే నెలలో గాని అందలేదు. అప్పటికి మౌరీన్‌కు మూడేళ్ళు దాటాయి. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. 1991లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంవారు స్కాట్లండు నుంచి రాయి తెప్పించి ఆ చోట స్మారకం నిలబెట్టారు.

చనిపోవడానికి కొద్దిరోజుల ముందు, చలికాలంలో, చెప్పులు అరిగిపోయిన ఒక కుర్రవాడికి లిడెల్ తన పరుగుబూట్లు ఇచ్చారు. అప్పటికే అతుకులు వేసి, దారాలతో కుట్టిన పాత బూట్లు. ఆ కుర్రవాడికి ఆయన అంతకుముందే మరొకటి నేర్పించి ఉన్నారు. కాపలా కాస్తున్న జపాను సైనికుల కోసం ప్రార్థన చేయమని. యుద్ధం ముగిశాక, 1952లో ఆ కుర్రవాడు మిషనరీగా జపానుకే వెళ్ళి దశాబ్దాల పాటు అక్కడ పనిచేశాడు.